ఊరంతా గాలి కొట్టిన జీపు

పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు కొందరు పెద్దలు లేచి ఆయన గురించి మాట్లాడారు. ఎక్కువమంది ఆయనను సరదా మనిషి అన్నారు. మండలంలో చాలాకాలం పదవి వెలగబెట్టిన ఒకాయన నవ్వుతూ, "జీపుకి ఎక్కడా లేని సామాన్లు బిగించిన గాలి పిచ్చోడు మా బాబాయ్" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ సామాను ఎందుకు బిగించవలసి వచ్చిందో, ఏ రోడ్డు లేక బిగించవలసి వచ్చిందో, ఆ రోడ్డు తాలూకు ఎస్టిమేటు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో ఆ వక్తకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను. ఆయన ఎప్పుడు పుట్టాడో, ఎన్ని ఎకరాలు సాగుచేశాడో ఇందులో ఉండదు. ఆయన సరదా మనిషి కాడని మాత్రం చెప్పదలిచాను.

ఊళ్లో అందరూ ఆయనను జీపాయన అనేవారు. నేనూ ఇక్కడ ఆ మాటే వాడతాను. తొంభయ్యో దశకం చివరా, రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లోనూ నేను ఆ ఊళ్లో పోస్టుమాస్టరుగా పనిచేశాను. ఊరికీ తారురోడ్డుకీ మధ్య నల్లరేగడి డొంక ఒక్కటే దారి. ఎండాకాలంలో దాని నిండా అరచెయ్యి పట్టే బీటలు. నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ బీటలన్నీ మూసుకుపోయి, చెప్పును ఉంచుకుని కాలును మాత్రం వదిలిపెట్టే జిగట. తారురోడ్డు ఎక్కగలిగితే చిలకలూరిపేట ఎంతో దూరం కాదు, అక్కడ ఆస్పత్రులున్నాయి. ఎక్కడమే గగనం. డొంక మధ్యలో ఒక పల్లం ఉండేది. రెండు పక్కల చేలల్లోని నీరంతా అక్కడికే దిగేది. బళ్లన్నీ అక్కడే దిగబడేవి. ఏ వానకు దారి ఎన్నాళ్లు మూతపడిందో నేను తేదీలతో సహా రాసిపెట్టేవాణ్ణి; టపా ఆలస్యమైతే కారణం చూపించడం నా ఉద్యోగధర్మం. ఆ రాతల నకళ్లనే ఊరి తరఫున పెట్టిన అర్జీలకు జతపరిచేవాణ్ణి. అర్జీలకు జవాబులు రాకపోలేదు. ప్రతి జవాబులోనూ "పరిశీలనలో ఉన్నది" అన్న మాట తప్పకుండా ఉండేది.

జీపాయన కాగితం చేతికిస్తే చదివేవాడు కాడు. తిరగేసి, వెనకపక్క ఖాళీగా ఉందో లేదో చూసేవాడు. ఉంటే జేబులోంచి పెన్సిలు ముక్క తీసి ఇంజను బొమ్మలు గీసేవాడు. ప్రభుత్వం వారి జవాబుల వెనక ఆయన గీసిన చక్రాలూ ఇరుసులూ చాలాకాలం నా ఫైల్లో ఉన్నాయి. అవి చూసినప్పుడల్లా, కాగితానికి ముందువైపు కంటే వెనకవైపే ఎక్కువ పని జరిగిందని అనిపించేది.

మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపును ఆయన కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. వానాకాలంలో ఆ డొంక మీద కదలగలిగిన బండి అదొక్కటే, అదీ చాలాసార్లు పల్లం దాకానే. దిగబడగానే ఆయన కిందకు దూకి, పంచె ఎగ్గట్టి, ఏ చక్రం ఊరికే తిరుగుతోందో వంగి చూసేవాడు. తరువాత జనాన్ని ఆ చక్రం మీదకు సర్దేవాడు. మా ప్రాంతంలో మనిషిని ఒంటరిగా ఆస్పత్రికి పంపడం మర్యాద కాదు. రోగి ఒక్కడైతే వెంట వీధి వీధంతా ఎక్కుతుంది. ఆ ఎక్కినవాళ్లే ఆయనకు బరువు రాళ్లు. ఒళ్లున్నవాళ్లకు ఆ జీపులో గౌరవం ఎక్కువ. "పెద్దక్కా, దేవుడు నిన్ను ఊరికే పుట్టించలేదు, ఇట్టా వచ్చి ఈ ఎడం చక్రం మీద కూచో" అనేవాడు. "నీ జీపు పాడుగాను, నా ఒళ్లు నీ కంటికి ఇసక బస్తాలాగా కనపడుతుందా" అని తిడుతూనే ఆవిడ జరిగి కూర్చునేది. బక్కవాళ్లు దిగి తొయ్యవలసిందే. తన బండిలో కులాన్ని బట్టి కూర్చునే చోటు మారదనీ, తూకాన్ని బట్టే మారుతుందనీ నడివీధిలో చెప్పేవాడు. దాని మీద తగాదాలూ అయ్యాయి. ఆయన గొంతు పెద్దది కాబట్టి ఆయనే గెలిచేవాడు.

ఆయన అన్న పత్తి రైతు. చేలను పచ్చపురుగు పట్టి, ఏ మందు కొట్టినా అది లొంగని ఏళ్లు అవి. ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆ అన్న చేలోనే మందు తాగేశాడు. జీపు ఎక్కించి తీసుకువెళ్తుంటే పల్లంలో దిగబడింది. ఎడం చక్రం బురదను మనిషెత్తు విసురుతూ తిరుగుతోంది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉండి కూడా కదల్లేదు. జనాన్ని ఎడం పక్కకు జరిపారు, పత్తికట్టె తెచ్చి చక్రం కింద తొక్కారు, చేతులతో బురద ఎత్తిపోశారు. చీకటి పడకముందే పని అయిపోయింది. బండి పైకి రాలేదు, తీసుకెళ్లవలసిన మనిషి లేడు.

కర్మకాండ ముగిశాక ఒకరోజు జీపాయన వచ్చి పోస్టాఫీసు గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఎవరింట్లోనూ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. "మాస్టారూ, ఇంజను ఒకటే గదా. పట్టున్న చక్రాన్ని నిలబెట్టేసి, పట్టులేని చక్రానికి బలమంతా ఎందుకు పంపిస్తది?" అని అడిగాడు. నాకు తెలిసినంతవరకు చెప్పాను. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి. అందుకని వెనక ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల పెట్టె ఉంటుంది, అది రెండు చక్రాలకూ విడివిడిగా తిరిగే వీలు కల్పిస్తుంది. దాని లోపం ఏమిటంటే, ఒక చక్రం జారితే ఆ జారేదాన్నే తిప్పుతూ ఉంటుంది.

అంతా విని, "అంటే తేలిగ్గా తిరిగేవాణ్ణే తిప్పుతా కూచుంటది. మన మండలాఫీసు మాదిరి" అన్నాడు.

అప్పటినుంచి ఆయన లోకంలో మనుషులు రెండు రకాలు: బురదలో తిరిగే చక్రాలు, చోద్యం చూసే చక్రాలు. ఓట్లకు వచ్చి పల్లం అవతలే కారు ఆపి చెయ్యి ఊపిన నాయకుడు చోద్యం చూసే చక్రం. కొలత గొలుసు తెచ్చి, పరచకుండానే తీసుకుపోయిన ఉద్యోగి కూడా అంతే. ఒకసారి నన్నూ అన్నాడు: "మీరూ ఆ చక్రమే మాస్టారూ. ఎంతసేపూ రాస్తా కూచుంటారు." నాకు కోపం వచ్చింది. 

కోస్తాలో చమురు కోసం వెతికిన ఏదో సర్వే బృందం పని ముగించి పోతూ పాత బళ్లను తెగనమ్మింది. హైవే పక్కన పాత ఇనుము కొట్లో టీ తాగుతుండగా, ఆ బళ్లు నడిపిన డ్రైవరు ఒకడు, వాటి వెనక ఇరుసులో గాలితో పనిచేసే లాకు ఉంటుందని, అది వేస్తే రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయని ఈయనతో అన్నాడట. ఈయన టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఇనుము గుట్టలో వెతకడం మొదలుపెట్టాడు. దొరికినదాన్ని తువ్వాలులో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద, టపా సంచీల మధ్య పెట్టాడు. గుమ్మడికాయంత ఇనుప ముద్ద. గాలి పంపితే లోపలి పిస్టను జరిగి రెండు చక్రాలనూ ఒకటి చేస్తుందని, గాలి వదిలేస్తే మళ్లీ ఎవరి దారి వాళ్లదని దాన్ని చేత్తో నిమురుతూ చెప్పాడు. ప్రభుత్వం పల్లంలో నాలుగు లారీల గ్రావెలు పోయించలేకపోయినందుకు, విదేశాల్లో ఎక్కడో తయారైన యంత్రం మా ఊరి పోస్టాఫీసుకు రావలసి వచ్చింది. ఈ వాక్యాన్ని తరువాతి అర్జీలో యథాతథంగా రాశాను.

పేటలో జిన్నింగు మిల్లుల వెనక సుభాని అనే మెకానిక్‌కు షెడ్డు ఉండేది. లాకును చూడగానే సుభాని తనవల్ల కాదన్నాడు. గట్టి రోడ్డు మీద పొరపాటున లాకు వేస్తే బండి మలుపు తిరగదనీ, యాక్సిల్ రాడ్డు విరిగితే తన పూచీ లేదనీ అన్నాడు. జీపాయన అన్నిటికీ తలూపాడు. తలూపుతూనే జీపు కింద జాకీ పెట్టాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఏ భాగం ఏ వరుసలో ఊడిందో రాసి ఉంచమని ఆయనే పిలిచాడు, ఎందుకంటే సుభాని తిరిగి బిగించేటప్పుడు ఒకటో రెండో సామాన్లు మిగలడం రివాజు. "మిగిలితే బండి తేలికవుద్ది గదా బాబాయ్" అనేవాడు సుభాని.

రెండు పక్కలా రాడ్లు లాగారు. పెట్టె విప్పి, పాత పళ్లచక్రాన్ని తీసి కొత్త లాకు మీద బిగించారు. పళ్లు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడడానికి సిందూరం నూనెలో కలిపి పూసి, చేత్తో తిప్పారు. ఒత్తుడు మచ్చ పంటికి మధ్యన పడాలి. అంచుకు పడింది. మళ్లీ విప్పారు, పల్చని రేకు వాషరు మార్చారు, మళ్లీ బిగించి మళ్లీ పూశారు. మచ్చ మధ్యకు వచ్చేసరికి సుభాని మోచేతుల దాకా ఎర్రబడ్డాడు. గాలి గొట్టం లోపలికి పోవడానికి పెట్టెకు రంధ్రం చెయ్యాలి. డ్రిల్లు ఆనించినప్పుడు జీపాయన మొహం తిప్పుకుని, మిల్లు గోడను చూస్తూ నిలబడ్డాడు. "అయిందా" అని అడిగాడు. కాలేదని చెబితే ఇంకాస్త దూరం జరిగాడు.

లాకుకు గాలి అందించే చిన్న కరెంటు కంప్రెసరు ఆ ఇనుము కొట్లో దొరకలేదు. బదులుగా, లారీ బ్రేకులకు గాలి నిలవ ఉంచే పాత ట్యాంకు ఒకటి తెచ్చి వెనక సీటు పక్కన కట్టించాడు. గాలి ఎంతుందో చూపే ముల్లు మీటరు దానికే ఉంది. తారురోడ్డు మీద పంక్చర్ల కొట్లో ఒకసారి నింపుకుంటే కొన్నిసార్లు లాకు వెయ్యడానికి సరిపోతుంది. ట్యాంకు నుంచి ఇరుసు దాకా పైపు కావాలి. దానికోసం ఇంట్లో మూలన పడి ఉన్న మందు కొట్టే పంపును గొట్టంతో సహా పట్టుకొచ్చాడు. చేలో మందు కొట్టడానికి ఆగే గొట్టం దీనికి ఆగదా అన్నాడు. మా రైతులకు ఏ గొట్టం చూసినా ముందు ఆ పని గుర్తొస్తుంది.

లాకుకు గాలి పంపే స్విచ్చి నొక్కగానే గొట్టం పాములా ఉబ్బి, పగిలింది. షెడ్డంతా పురుగుమందు వాసన కమ్మేసింది. సుభాని ఏదో ఎగతాళి చెయ్యబోయి, ఎదుటి మొహం చూసి మానుకున్నాడు. జీపాయన నేల మీద కూలబడి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అది అన్నగారి పంపు. ఆ సాయంత్రం జీపులో అన్న నోటినుంచి వచ్చిన వాసన అదే. కాసేపటికి లేచి పంపునూ గొట్టాన్నీ తీసుకెళ్లి మిల్లు వెనక చెత్తలో పడేసి వచ్చాడు. "లారీ బ్రేకు పైపు వెయ్యి సుభానీ. కొత్తది" అన్నాడు.

కొత్త పైపు బిగించాక, వెనక చక్రాలు రెండూ గాల్లో ఉండగా, బండిని గేరులో ఉంచి ఒక చక్రాన్ని చేత్తో తిప్పారు. రెండోది వెనక్కి తిరిగింది. ఎప్పుడూ అంతే. ఇప్పుడు లాకు వేసి, గేరు తీసి తిప్పారు. లోపల 'టక్'మని చిన్న చప్పుడు. రెండు చక్రాలూ ఒకే వైపు తిరిగాయి. ఆయన సుభానిని పక్కకు జరిపి తనే కూర్చుని చాలాసేపు తిప్పాడు. మొహంలో సంతోషం అంటూ కనపడలేదు. "ఇది అప్పుడే తెలిసుంటే" అన్నాడు, అంతే.

పంక్చర్ల కొట్టు తారురోడ్డు మీద ఉంది. ట్యాంకులో గాలి నెమ్మదిగా కారేది. ముసురు పట్టి డొంక మూతపడితే నింపుకోవడానికి కొట్టు దాకా వెళ్లడం ఎలా? దీనికి ఊరే ఒక పద్ధతి కనిపెట్టింది. సాయంత్రం పొలాల నుంచి వచ్చేవాళ్లు జీపాయన ఇంటి ముందు ఆగి, సైకిలు పంపుతో ట్యాంకుకు తలా కాసేపు గాలి కొట్టి పోయేవారు. ఇంట్లో నిండు చూలాలు ఉన్నవాళ్లు ఎక్కువసేపు కొట్టేవారు. ఆయాసపు ముసలాయన ఒకడు తను కొట్టలేక అల్లుణ్ణి పంపేవాడు. పల్లె నుంచి, ఊళ్లోంచి, అన్ని వాడల వాళ్లూ వచ్చేవారు. జీపాయన అరుగు మీద గొంతుక్కూర్చుని ముల్లు చూస్తూ, "ఏరా, పొద్దున సంగటి తిన్లేదా, ముల్లు కదలట్లా" అని ఎత్తిపొడిచేవాడు. ఆ గాలితో ఎవడైనా సైకిలు టైరు నింపుకోబోతే మాత్రం కర్ర తీసేవాడు. తరువాతి రెండు వానాకాలాలూ పల్లంలో మనిషి పోలేదు. ఒకావిడ నొప్పులతో బయలుదేరి పేటలో బిడ్డను కని, అదే జీపులో తిరిగి వచ్చింది. లాకు పడితే బండి మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది. పల్లం దాటాక కాలువ మలుపు దగ్గర ఆయన గాలి వదిలేవాడు; జీపులో ఉన్నవాళ్లంతా కూడా అప్పుడే ఊపిరి వదిలేవారు.

పంటలు కళ్లాలకు చేరే రోజుల్లో ఈ కట్టుబాటు సడలేది. మాఘం దాటాక వానలేమిటి అని అందరి ధీమా. ఆ ఏడు మిరపకాయలు కళ్లాల్లో ఎర్రగా పరిచి ఉండగా మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఊరు ఊరంతా పట్టాలు, గోనెలు పట్టుకుని కళ్లాలకు పరుగెత్తింది. జీపాయన తన కళ్లంలో ఉన్నాడు. పడమటి వీధిలో ఒక రైతుకు టైరు బండి ఉండేది. ఎండిన కాయను బస్తాలకెత్తి ఇంటికి చేర్చాలి. చూస్తే బండి రెండు టైర్లలోనూ గాలి లేదు. ఏడాది కష్టం తడిసిపోబోతున్న మనిషి. బండిని జీపాయన ఇంటి మీదుగా తోలి, జీపులోని ట్యాంకు నుంచి రెండు టైర్లనూ నింపుకుని కళ్లానికి పోయాడు. గాలే గదా.

వాన పట్టుకుంది. కళ్లంలో ఆ రైతు భార్య తడిసిన పట్టా ఎత్తబోతే దాని కింద చేరిన పాము కాటు వేసింది. ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకొచ్చి, తన కళ్లం నుంచి జీపాయన వచ్చేలోపే జీపు వెనక సీట్లో, ట్యాంకు పక్కన పడుకోబెట్టారు. చుట్టాలు, వీధివాళ్లు ఎక్కేశారు. ఆయనకు ఒక అలవాటు ఉంది: ముల్లు చూడకుండా తాళం తిప్పేవాడు కాడు. ఆ రోజు ముల్లు ఆవిడ దుప్పటి వెనక ఉంది. జరపాలంటే ఆవిణ్ణి లేపాలి. తాళం తిప్పేశాడు. ఊళ్లో ఉన్న రెండు ట్రాక్టర్లూ బస్తాల ట్రక్కులతో అప్పటికే చేలల్లో దిగబడి ఉన్నాయి. నేను ముందు సీట్లో ఉన్నాను. పేట ఆస్పత్రిలో చీటీలు రాయడానికీ, మాట్లాడడానికీ నన్ను ఎప్పుడూ వెంట తీసుకెళ్లేవారు.

పల్లంలో ఎడం చక్రం జారింది. ఆయన స్విచ్చి నొక్కాడు. 'టక్'మనలేదు. మళ్లీ నొక్కాడు. వెనక్కి తిరిగి, ఆవిణ్ణి కాస్త లేపించి, దుప్పటి తొలగించి ముల్లు చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది. పక్కనే టైర్లు నింపే గొట్టం మూత ఊడి వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడు ఆయన మొహాన్ని నేను చూశాను.  మూత తిప్పి బిగించి, సీటు కిందనుంచి సైకిలు పంపు తీశాడు.

మంచం మీద మోసుకుపోదామని కొందరన్నారు. మోకాటి లోతు రేగడిలో నలుగురు అడుగు తీసి అడుగు వేసేసరికే తడబడ్డారు, మళ్లీ జీపు దగ్గరకే తెచ్చారు. వానలో గాలి కొట్టడం మొదలైంది. పంపు ముందు ఆవిడ భర్త చేతిలో పడింది, అతడు ఇంకెవరికీ ఇవ్వలేదు. మార్చుకుందాం ఇవ్వరా అంటే వినిపించుకోలేదు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. ఆవిడ కళ్ల రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒకసారి, "కాయ ఎత్తారా" అని అడిగింది. ఎత్తామని ఎవరో చెప్పారు. ముల్లు కదిలినట్టే ఉండేది, చూస్తే అక్కడే ఉండేది. జీపాయన బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. చివరకు ముల్లు చాలినంత లేచింది. లాకు పడింది. రెండు చక్రాలూ ఒక్కసారి నేలను పట్టి, బండి బురద చీల్చుకుని పైకి వచ్చింది. ఆ యంత్రం తన పని తాను చేసింది. దాన్ని తప్పు పట్టడానికి లేదు.

పేట ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి, "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే" అన్నాడు. ఆ మాట ఆ రైతు వినేలాగా అన్నాడు.

మర్నాడు జీపాయన ఇంటికి వెళ్లాను. ఆయన జీపు పక్కన కూర్చుని, ట్యాంకు వాల్వులో ఉండే రబ్బరు వాషరు ఒకటి, బాగున్నదాన్ని, బ్లేడుతో కోస్తున్నాడు. ఎందుకని అడిగితే దాన్ని జేబులో వేసుకున్నాడు. వాకిట్లో బండి టైర్ల గుర్తులు జీపు దాకా వచ్చి తిరిగి వెళ్లాయి. వానకు కూడా పూర్తిగా చెరగలేదు. నాకు విషయం అర్థమైంది. నాకు ఒళ్లు మండింది. ఊరి కట్టుబాటును ఒకడు తప్పితే ఊరి ముందు పెట్టాలి, లేకపోతే రేపు ఇంకొకడు తప్పుతాడు అన్నాను. ఆయన చీపురు తెచ్చి ఆ టైర్ల గుర్తుల మీద ఊడ్చాడు. ఊడ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

దహనం అయ్యాక ఆ రైతే వచ్చాడు. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టుకుని ఉన్నాయి. "బాబాయ్, నేను ఆ రోజు బండి టైర్లకి మీ ట్యాంకులోంచి గాలి తీసుకున్నాను. అందుకేనా?" అన్నాడు.

జీపాయన తలెత్తకుండా, "నువ్వు తీసింది ఏపాటిరా" అన్నాడు. జేబులోంచి తెగిన వాషరు తీసి అతని గుడ్డ చుట్టిన చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఇది తెగింది. నువ్వు రాకముందే సగం గాలి కారిపోయి ఉంటది. బండి తీసేముందు ముల్లు చూసుకోవాల్సింది నేను. చూసుకోలా."

"నిజంగానేనా బాబాయ్?"

"నీకు అబద్ధం చెప్పాల్సిన పని నాకేంటిరా. ఇంటికి పో. పిల్లలు ఎదురుచూస్తా ఉంటారు."

అతడు ఆ వాషరును అటూ ఇటూ తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ ఏడ్చాడు. ఏడ్చి ఇంటికి వెళ్లాడు. ఆ ఇంట్లో కూడా పురుగుమందు డబ్బాలు ఉన్నాయి. సొంత అన్న చావు చూసిన జీపాయన ఆ డబ్బాలను మరిచిపోలేదని నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆ రైతు ఆ తరువాత చాలాకాలం బతికాడు. మళ్లీ మిరప వేశాడు, పిల్లల్ని పెద్ద చేశాడు, ముసలితనం వచ్చి, మంచంలో నిద్రలో పోయాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు గనకనే ఇది రాయగలుగుతున్నాను.

ఊరు మాత్రం వాషరు కథను నమ్మింది. జీపాయన ముల్లు చూసుకోలేదన్న మాట టీ కొట్లో చేరింది, అక్కడినుంచి డొంకంతా పాకింది. మరుసటి వానాకాలం గాలి కొట్టడానికి వచ్చేవాళ్లు పల్చబడ్డారు. ఆయన ఒక్కడే ఇంటి ముందు సాయంత్రాలు పంపు కొట్టుకోవడం నేను చూశాను. గాలి పిచ్చోడు అన్న పేరు అప్పుడు పుట్టింది, పెద్దకర్మ పందిట్లో అందరూ నవ్విన పేరు. ఆయన ఆ పేరుకు పలికేవాడు.

ఆవిడ పోయిన వారంలోనే నేను మళ్లీ అర్జీ రాయడానికి కూర్చున్నాను. దారి లేక జరిగిన మరణాల వివరాల్లో ఆవిడ పేరు చేర్చాలి. కారణం అన్న చోట నా కలం ఆగింది. జరగనిది రాయడం నాకు చేతకాదు. జరిగింది రాస్తే ఆ రైతు బతకడు. కాగితం పట్టుకుని జీపాయన దగ్గరకు వెళ్లాను. కోపంగానే వెళ్లాను. వాషరు తెగిందని రాయమంటావా, గాలి లేదని రాయమంటావా అని అడిగాను.

ఆయన కాగితం అందుకున్నాడు. ఆ ఒక్కసారి తిరగేయలేదు. పెదవులు కదుపుతూ పై నుంచి కింది దాకా మెల్లగా చదివి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు.

"రోడ్డు లేక పోయిందని రాయండి మాస్టారూ. అందులో అబద్ధం ఏవీ లేదుగా."

లేదు. అలాగే రాశాను.